పదహారు అంగుళాలు

అడుగు వేసెడి వారికి నండ యగుచు
నడుమ నిలిచిన యడ్డుల నలిపి వైచి
తప్పు కొలతలు దిద్దెడి తండ్రి నీవె
శరణు గణనాథ మాయింట శాంతి నిలుపు

మూడో రోజు కూడా ఆ ఇంట్లో కాఫీ వేళకు వచ్చింది గాని, దానితోపాటు రావలసిన మాట రాలేదు.

కోడలు గ్లాసును మామగారి ముందు బల్లపై ఉంచి, చప్పుడు కాకుండా వెనుదిరిగింది. అద్దాల దుకాణం పెద్దాయన ఒక గుక్క తాగి, ఎదుటి గోడను చూస్తూ అన్నాడు.

"చక్కెర తక్కువైంది."

"గోడకేగా చెప్పారు. అదే తెచ్చి వేస్తుందిలెండి," అంది భార్య, కిటికీ దగ్గరి కుర్చీలోంచి కదలకుండా.

మొన్నటి ఉదయం ఇంట్లో నలుగురికీ ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. రైల్వే స్టేషను ముందరి నాలుగు వరుసల రోడ్డును రెండు వరుసలకు తగ్గించి, మిగిలిన మేర కాలినడకకు విడిచి, రెండు నెలలు పరీక్షించి చూద్దామన్నది నగరపాలక సంస్థ సంకల్పం. ఆ పటం గీసిన రోడ్ల ఇంజినీరు ఈ ఇంటి కోడలే. మామగారి దుకాణానికి సరుకు దించుకోవడానికి ఆమె కాలిబాటను ఒకచోట లోపలికి కోయించి, పసుపు గీతలు వేయించింది. వీధివాళ్ళు దానికి లారీగూడు అని పేరు పెట్టారు.

మొన్న అద్దాల లారీ వచ్చింది. గూటిలో పట్టలేదు. తోక రోడ్డు మీద మిగిలిపోయింది. దాని వెనక బస్సు ఆగింది, బస్సు వెనక వీధంతా ఆగింది. హారన్ల హోరులో తొందరపడిన చేతుల్లోంచి నిలువెత్తు పలక ఒకటి జారి, రోడ్డంతా వడగళ్ళు కురిసినట్టయింది.

దైవానుగ్రహం వలన ఎవరికీ గాయం కాలేదు. గాయమైనది కోడలికి.

"చదివిన చదువంతా కాగితం మీదే. కొలత రానివాళ్ళు రోడ్లు గీస్తే ఇంతే," అని పెద్దాయన నడివీధిలో, నలుగురూ వింటుండగా అన్నాడు. ఆమె నోరు మెదపలేదు. ఆనాటినుంచి ఆ మౌనమే ఇంట్లో గది గదికీ తిరుగుతోంది.

ఇవాళ పదింటికి స్టేషను పై అంతస్తు హాలులో సమావేశం. పరీక్ష కొనసాగేదీ, రోడ్డు మళ్ళీ నాలుగు వరుసలయ్యేదీ అక్కడే తేలుతుంది. మందుల షాపాయన వెంట సగం వీధి వద్దంటోంది. పెద్దాయన తమ తరఫున గట్టిగా మాట్లాడతాడని వాళ్ళ భరోసా.

రైలు నడిపే కొడుకు డ్యూటీకి బూట్లు కట్టుకుంటున్నాడు.

"నువ్వైనా చెప్పరా నీ పెళ్ళానికి," అన్నాడు పెద్దాయన.

"నేను పట్టాల మీద నడిపేవాణ్ణి నాన్నా. పక్కకి తిప్పే చక్రం నాకివ్వలేదు. మీ ఇద్దరి మధ్యా నన్ను తిప్పకండి."

"తల్లి పోలిక. దేనికైనా ఒక జవాబు."

"మీ పోలికైతే అన్నిటికీ ఒకటే జవాబు ఉండేది," అంది భార్య.

కోడలు ఫైలు చంకన పెట్టుకుని గడప దగ్గర ఆగింది. "వెళ్ళొస్తానత్తయ్యా." ఒక మెట్టు దిగి, వెనక్కి చూడకుండానే అంది. "మామయ్యగారూ, బీపీ మాత్ర ఇంకా వేసుకోలేదు మీరు."

పెద్దాయనకు కోపం రావలసింది. రాలేదు. రానందుకు మరింత చిరాకు కలిగింది.

"ఆ పిల్ల ఒక్క మాట తిరిగి అనుంటే మీకు ప్రాణం హాయిగా ఉండేది, కదూ?" అంది భార్య.

ఆయన మాత్ర మింగి, మాట కూడా మింగి, మెట్లు దిగాడు.

దుకాణం ఇంటి కిందనే. పాతికేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న కోత మేస్త్రి బల్లపై పలక పరచి, కట్టరుతో ఒక్క గీత గీసి, అంచును బల్ల బయటికి జరిపి చిన్నగా నొక్కాడు. టక్కుమని, గీసిన చోటనే పలక విడింది. అద్దం మీద గీత ఒకసారే గీయాలి. దిద్దబోతే అది ఎటు పగులుతుందో చెప్పలేము. పెద్దాయన స్వభావమూ అటువంటిదే, అన్న మాటపై రెండో గీత గీయడు.

ఆయన గోడకు ఆనించి ఉన్న కొలకర్రను చేతిలోకి తీసుకున్నాడు. చేవదేరిన నల్లని కర్ర. రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు. తండ్రి చేయించినది.

"ఎక్కడికయ్యా?" అన్నాడు మేస్త్రి.

"మీ చిన్నమ్మగారి లెక్క తేల్చడానికి. నేను పాతికడుగులు అడిగాను. ఎంత ఇచ్చిందో చూస్తా."

పసుపు గీత వెంట వంగి కర్ర పరిచాడు. కొస దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, అక్కడినుంచి మళ్ళీ పరిచాడు. మూడు నిండు కర్రలు. నాలుగోదానిలో అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. వెరసి ఇరవై మూడు అడుగుల ఎనిమిది. పాతికకు పదహారు అంగుళాలు తక్కువ.

నడుము పట్టేసినా ఆయన ముఖం వెలిగిపోయింది. దుకాణంలోకి వస్తూనే అన్నాడు.

"చూశావా మేస్త్రీ. పదహారు అంగుళాలు మింగేసింది. హాల్లో అందరి ముందూ ఈ కర్రే నిలబెడతా."

మేస్త్రి కట్టరు కింద పెట్టాడు. కాసేపు కర్రనే చూశాడు.

"కర్ర ఎన్నిసార్లు పరిచారయ్యా?"

"నాలుగు."

"పిడి లెక్కేశారా?"

పెద్దాయన చూపు కర్ర మొదటికి పోయింది.

ఆ కర్రకు మొదట నాలుగంగుళాల పిడి ఉంది. పిడిపై గీతలుండవు, అంకెలు దాని తరువాతనే మొదలవుతాయి. అద్దం కొలిచేటప్పుడు పిడిని అంచు బయటికి వదిలి, చేత్తో పట్టుకుంటారు. ఆరడుగులు మించిన పలకను ఆ బల్లపై ఏనాడూ కోయలేదు గనుక, కర్ర వెనక కర్ర పరిచే అవసరం ఆ దుకాణంలో తండ్రినాటి నుంచీ రాలేదు. వచ్చినది రెండే సార్లు. ఇవాళ ఒకసారి, లారీని కొలిచిన నాడు ఒకసారి.

నాలుగుసార్లు పరిస్తే, నాలుగు పిడులు.

"గూడు సరిగ్గా పాతికే ఉందయ్యా," అన్నాడు మేస్త్రి మెల్లగా. "చిన్నమ్మగారు ఏమీ తగ్గించలేదు. మరి లారీ కొలిచిన రోజు కూడా మీరు..."

వాక్యాన్ని అతడు పూర్తి చేయలేదు. పెద్దాయన మనసు పూర్తి చేసింది. ఆనాడు లారీ ఇరవై నాలుగని చెప్పాడు. వెనక తలుపు దించడానికి ఒక అడుగు కలిపి పాతిక అడిగాడు. నిజానికి లారీ ఇరవై అయిదడుగుల నాలుగంగుళాలు. గూటి బయట మిగిలిన తోక కోడలి లెక్కలోది కాదు. తన కర్రలోది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆనాడు కోడలు ఆఫీసు టేపు చేత్తో పట్టుకుని వచ్చింది. "మామయ్యగారూ, ఆ కొస కాస్త పట్టుకుంటారా? రాసేముందు నేను కొలవాలి," అంది. "నలభై ఏళ్ళుగా కొలిచేవాడికి టేపు చూపిస్తావా అమ్మాయ్?" అన్నాడు తాను. ఆమె నవ్వి, టేపు సంచిలో వేసుకుని, తాను చెప్పిన అంకె రాసుకుంది.

మొన్న నడివీధిలో ఆ ఒక్క సంగతి చెప్పి ఉంటే చాలు, ఆయన తల ఎక్కడ పెట్టుకునేవాడు? ఆమె చెప్పలేదు.

గడియారం పదికి అయిదు నిమిషాలు చూపుతోంది. కర్రను గోడకు ఆనించాడు.

"మేస్త్రీ, ఈ సంగతి..."

"నేనెవరికి చెబుతానయ్యా," అన్నాడు మేస్త్రి, మేడమెట్ల వైపు చూస్తూ.

పెద్దాయన రోడ్డు దాటాడు. నాలుగు వరుసల నాడు ఇదే చోట, రెండు వరుసలు దాటి, ముందొక లారీ వెనకొక బస్సు రాసుకుపోతుంటే, నడుమ ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. ఇవాళ ఎప్పుడు దాటాడో ఆయనకే తెలియలేదు. కాలు అవతలి అంచు తాకాక, ఎందుకో వెనుదిరిగి తన మేడ కిటికీని చూశాడు. మోకాళ్ళు అరిగిన భార్యకు ఆ కిటికీయే వీధి. ఎదురుగా కనిపించే స్టేషనుకు పోవాలంటే ఆటో ఎక్కించి, మైలు దూరం పోయి, తిరిగి రావాలి. పదకొండేళ్ళు. రాను రాను ఆమె వెళ్ళడమే మానేసింది.

కిటికీలో కుర్చీ ఖాళీగా ఉంది. స్నానానికి లేచి ఉంటుందనుకున్నాడు.

హాలు నిండింది. మందుల షాపాయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

"రోడ్డు సన్నబడితే మా బేరాలు సన్నబడతాయి సార్. మొన్నటి లారీ సంగతి మీరూ విన్నారుగా. ఇంటికి నాలుగు తలుపులుంటే రెండు మూసుకుంటామా?"

"మూసిందెవరు బాబూ," అన్నాడు కాలిబాటపై తాళాలు చేసే ముసలాయన, కూర్చున్నచోటనే. "ఇన్నాళ్ళూ బండ్లకి నాలుగు తలుపులు, మనిషి దూరడానికి తాళంచెవి కంత కూడా లేదు. ఆ లెక్క నాకు తెలిసినంత నీకు తెలీదులే."

హాలు నవ్వింది. కమిషనరు కళ్ళజోడు నుదుటిపైకి ఎత్తుకుని కోడలి వైపు తిరిగాడు.

"లారీగూడు కొలత ఎలా తప్పింది?"

ఆమె లేచింది. చేతిలో ఫైలు తెరవలేదు.

"తప్పు నాది సార్. లారీని నేను కొలవలేదు. కొలిచినట్టు సంతకం పెట్టాను."

"మరి ఆ అంకె ఎవరిచ్చారు?"

కోడలు మామగారున్న వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఎవరిచ్చినా, కొలవాల్సింది నేను సార్."

ఈ మౌనాన్ని పెద్దాయన మూడు రోజులుగా పొగరనుకున్నాడు. అది తన తలపై ఎవరో పట్టిన గొడుగని ఇప్పుడు తెలిసింది. లేచి నిలబడ్డాడు.

"నేనిచ్చాను. మా దుకాణం కర్రను నాలుగుసార్లు పరిచి కొలిచి, పదహారు అంగుళాలు తక్కువ చెప్పాను. ఆ అమ్మాయి టేపు తెచ్చి కొలుస్తానంటే నేనే వద్దన్నాను."

మందుల షాపాయన పెదవి విరిచాడు. "ఊరుకోండి పెద్దాయనా. మీ ఇంటి పిల్ల పరువు కోసం మీ పరువు పణంగా పెడుతున్నారు. నలభై ఏళ్ళ చెయ్యి, పదహారు అంగుళాలు తప్పుతుందా? ఎవరు నమ్ముతారు?"

నమ్మించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. కర్ర రోడ్డుకవతల, దుకాణం గోడకు ఆని ఉంది.

అప్పుడు మెట్లపై చప్పుడు వినిపించింది. ఇత్తడి రాతికి తగులుతున్న చప్పుడు. ఒకటి, కాస్త విరామం, మళ్ళీ ఒకటి. హాలు తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి.

ఆయన భార్య నిలబడి ఉంది. తలకంటే ఎత్తున్న కొలకర్రను ఊతంగా పట్టుకుని, ముఖమంతా చెమటతో.

పెద్దాయన సభ మాటే మరిచిపోయాడు. "నువ్వు... ఎలా వచ్చావు?"

"నడిచి."

"ఎవరు దాటించారు?"

"ఎవరు దాటించాలి? రెండు వరుసలేగా. ఒక బస్సు ఆగింది. డ్రైవరు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను." ఆమె ఊపిరి తీసుకుంది. "మేస్త్రి అంతా చెప్పాడు. మీ నోటికంటే ఇది త్వరగా నిజం చెబుతుందని పట్టుకొచ్చా. తీసుకోండి, బరువుగా ఉంది."

కోడలు ఒక్క అంగలో వెళ్ళి అత్తగారిని పట్టుకుంది. కమిషనరు స్వయంగా వంగి, కర్రను నేలపై పరచి, పక్కన టేపు లాగాడు. అంకెలు ఆరడుగుల దగ్గర ముగిశాయి. టేపు డెబ్భై ఆరు అంగుళాలు చూపింది.

"నాలుగేసి అంగుళాలు," అన్నాడాయన. "నాలుగుసార్లు."

మందుల షాపాయన కర్రను చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

"నిజంగా నడిచే వచ్చారా పెద్దమ్మా?"

"మీ షాపు నాకు పదకొండేళ్ళుగా కనిపించేది నాయనా, అందేది కాదు. ఇక మా మాత్రలు నేనే తెచ్చుకుంటాను. చిల్లర లేదనకు."

ఆయన మెల్లగా కూర్చున్నాడు. ఆ కూర్చోవడంతో హాలులో సగం అభ్యంతరాలు కూర్చున్నాయి.

కమిషనరు లేచి చేతులు దులుపుకున్నాడు. "పరీక్ష ఇంకో నెల పొడిగిస్తాను. కానీ గూటికి ఆ పదహారు అంగుళాలు కావాలి. ఒక పక్క ఈ అమ్మగారు రోడ్డు దాటి వచ్చిన తెల్లచారలు. అవి కదపను. రెండో పక్క మీ దుకాణం బోర్డు నిలిచిన ఇనుప స్తంభం. అది తీస్తారా?"

ఆ స్తంభం తండ్రి నిలబెట్టినది. రెండు వారాల క్రిందట కోడలు దానిని ఒక్క అడుగు జరపమంటేనే, అది కదిలితే నేను కదిలినట్టే అని భోజనం మానేసి పడుకున్న మనిషి ఆయన. ఇప్పుడు అందరూ ఆయన ముఖం చూస్తున్నారు. ఆయన మాత్రం భార్య కాళ్ళను చూస్తున్నాడు. చెప్పులకు రోడ్డు దుమ్ము అంటి ఉంది. ఆ దుమ్మును చూసి పదకొండేళ్ళయింది.

"మా నాన్న ఆ స్తంభం జనానికి దుకాణం కనబడాలని పెట్టాడు," అన్నాడు. "జనం నడిచి వస్తుంటే ఇక దానితో పనేముంది? ఇవాళే తీయిస్తా."

కమిషనరు తల ఊపి, కోడలి వైపు తిరిగాడు. గొంతు మారింది.

"కొలవకుండా సంతకం పెట్టడం చిన్న తప్పు కాదు. మూడు రోజుల్లో సంజాయిషీ రాసివ్వండి. అది తేలేదాకా ఈ రోడ్డు పని మీరు చూడకూడదు."

"అలాగే సార్," అంది ఆమె.

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురూ కలిసి దాటారు. నడుమ భార్య, ఇరుప్రక్కల మామా కోడలూ. చారలపై సగం దూరం వచ్చాక పెద్దాయన అన్నాడు.

"అమ్మాయ్. మొన్న అంతమందిలో అన్నాను. ఏం చెప్పాలో నాకు నోరు రావట్లేదు."

"అంతమందిలోనే చెప్పారుగా మామయ్యగారూ."

"నువ్వు ఒక్క మాట అనుంటే..."

"అంటే మీరు కర్ర పట్టుకుని మళ్ళీ కొలవడానికి వెళ్ళేవారా? నన్ను తిట్టుకుంటూ అక్కడే ఉండిపోయేవారు."

"ముందు రోడ్డు దాటండి ఇద్దరూ," అంది భార్య. "పాపం, బస్సు ఆగి ఉంది."

మేస్త్రి అప్పటికే స్తంభం మొదట బోల్టులకు నూనె పోస్తున్నాడు. ఒకటి కదిలింది. మూడు కదలలేదు.

పెద్దాయన కోత బల్లపై తెల్లకాగితం పరిచి, కలం తీశాడు. కోడలు బల్ల అంచున చెయ్యి వేసింది.

"ఏం రాస్తున్నారు?"

"నువ్వు టేపు తెచ్చావని, నేను పట్టనివ్వలేదని. నీ సంజాయిషీతో పాటు ఇది కూడా ఇవ్వు."

"వద్దు మామయ్యగారూ. ఆఫీసు ఫైల్లో పడితే పదిమంది చదువుతారు. అద్దాల దుకాణంలో కొలత తప్పుతుందని రేపు వీధంతా అంటారు."

"అననీ."

"అది రాసినా వాళ్ళు ఒప్పుకుంటారని లేదు. సంతకం నాదే కదా."

ఆయన కలం మూత విప్పాడు. తండ్రి ఇచ్చిన కర్ర, తండ్రి నిలిపిన స్తంభం, తండ్రి నుంచి వచ్చిన పేరు, మూడూ ఒక్కరోజే చేతిలోంచి జారుతున్నా గుండె బరువెక్కకపోవడం ఆయనకే వింతగా తోచింది. ఈ పిల్లను ఈ గడపకు పంపిన స్వామికి ఏనాడైనా చేతులెత్తి మొక్కానా అనుకున్నాడు. మొక్కలేదు. కాగితం పై అంచున శ్రీకారం చుట్టి, మనసులో ఆ బాకీ మొక్కు చెల్లించాడు.

"ఈ కాగితం ఏ గట్టుకు చేరుస్తుందో ఆ స్వామి చిత్తం. రాయడం నా వంతు."

కోడలు సంచిలోంచి టేపు తీసి, బల్లపై, కొలకర్ర పక్కన పెట్టింది. "అయితే అంకెలు మాత్రం దీంతో చూసి రాయండి."

ఆయన నవ్వాడు. మూడు రోజుల తరువాత ఆ కప్పు కింద వినిపించిన మొదటి నవ్వు అది.

మెట్ల దగ్గర భార్య చెప్పులు విప్పలేదు. చేతిసంచి భుజాన వేసుకుంది.

"మళ్ళీ ఎక్కడికి?" అంటూ ఆయన లేవబోయాడు.

"బీపీ మాత్రలు రెండే ఉన్నాయి. తెచ్చుకుంటాను. మీరు కూర్చుని రాయండి."

ఆయన కూర్చున్నాడు గాని, కలం కదలలేదు. దుకాణం అద్దంలోంచి చూస్తున్నాడు. ఆమె చారల అంచున ఆగి, కుడి ఎడమలు చూసి, కాలు కింద పెట్టింది. దూరంగా వస్తున్న బస్సు వేగం తగ్గించింది. స్తంభం మొదట రెండో బోల్టు కిర్రుమంది.

ఆయన కాగితం వైపు తిరిగి మొదటి మాట రాశాడు. "నేను చెప్పిన కొలత తప్పు."

ఈ కథ చదివిన వారికి, చదివి వినిపించిన వారికి, చెవి ఒగ్గి విన్నవారికి, దాటవలసిన దారి ఏదైనను, ఒకరు ఆగి తోవ ఇచ్చు భాగ్యము కలుగు గాక. తామాగి ఒకరికి తోవ ఇచ్చు బుద్ధి అంతకు ముందే కలుగు గాక. సర్వులకు శుభమగు గాక.